సంతోషం ఏ చేతిలో ఉంది? గిటారు వాదన మీద ఒక సమీక్ష

కూకట్‌పల్లిలో, ముఖ్యంగా కేపీహెచ్‌బీ కాలనీ రోడ్ల వెంట, సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల పక్కనే గిటారు క్లాసుల బోర్డులు కనిపిస్తాయి. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు గడిపినవాళ్లు శని, ఆదివారాల్లో గిటారు సంచి భుజాన వేసుకుని అక్కడికి చేరతారు. పిల్లలు ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడు పరీక్షలకు తయారవుతుంటారు. పెద్దలైనా పిల్లలైనా కోరుకునేది ఒకటే, వినగానే హుషారు పుట్టేలా వాయించడం. అది ఎలా వస్తుందంటే ఒక మాస్టారు మేజర్ స్కేలు దిద్దిస్తారు. ఇంకొకరు స్ట్రమ్మింగ్ సరిచేస్తారు. మూడో ఆయన అది పుట్టుకతో రావాలి బాబూ అని ఊరుకుంటారు.

ఈ మూడు జవాబుల వెనకా శతాబ్దాల తగువు ఉంది. వింటే మనసు తేలికపడుతుందని లోకం ఒప్పుకున్న గిటారిస్టుల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. పారిస్ జిప్సీ జాజ్‌కు చెందిన జాంగో రైన్‌హార్ట్, కాంగో నాట్య సంగీతానికి పెద్ద దిక్కయిన ఫ్రాంకో, డిస్కో కాలపు నైల్ రోడ్జర్స్, ఆల్మన్ బ్రదర్స్ బృందంలోని డికీ బెట్స్, మన పాలకొల్లు శ్రీనివాస్. శ్రీనివాస్‌ది మాండొలిన్ కదా అనవచ్చు. ఆయన చేతిలో అది ఒంటితీగల ఎలక్ట్రిక్ వాద్యమైంది కాబట్టి గిటారుకు తమ్ముడి వరస, ఈ చర్చలో చోటు దానికి హక్కుగా వస్తుంది. వీళ్లందరి స్కేలు ఒకటి కాదు, వేగం ఒకటి కాదు, తీగ నాదమూ ఒకటి కాదు. మరి సంతోషం ఎక్కడినుంచి వస్తోంది?

భరతుడి పద్దు, జార్లినో పద్దు

స్వరానికీ భావానికీ లంకె పెట్టే అలవాటు మనకు పాతదే. నాట్యశాస్త్రం మధ్యమ పంచమాలను హాస్య శృంగారాలకు కేటాయించింది. షడ్జ రిషభాలు వీర, రౌద్ర, అద్భుతాలకు వెళ్లాయి. గాంధార నిషాదాలు కరుణకు, ధైవతం బీభత్స భయానకాలకు దక్కాయి. ఆనాటి శ్రుతి వ్యవస్థ వేరు కాబట్టి ఆ పద్దును తెచ్చి ఈనాటి గిటారు మెడమీద అతికించడం కుదరదు. పనికొచ్చేది అందులోని ఆలోచన, భావం స్వరంలోనే ఉందన్న నమ్మకం.

యూరప్‌లో ఇదే నమ్మకాన్ని 1558లో సంగీత సిద్ధాంతకర్త జార్లినో రాతలో పెట్టాడు. పెద్ద గాంధారం వచ్చే రీతులు ఉల్లాసంగా ఉంటాయనీ, చిన్న గాంధారం వచ్చేవి దిగులుగా ఉంటాయనీ విడదీశాడు. 1722లో రామో, 1863లో హెల్మ్‌హోల్ట్జ్ దీనికి భౌతికశాస్త్రం ఊతమిచ్చారు. తీగ మోగినప్పుడు పుట్టే ఉపస్వరాల్లో 4, 5, 6 నిష్పత్తి ఉంటుంది, మేజర్ కార్డు అదే, అందువల్ల అది చెవికి సహజమని వాదం. సహజమైనది సంతోషంగానే ఎందుకు ఉండాలో మాత్రం వాళ్లు నిలబెట్టలేకపోయారు. గిటారు క్లాసుల్లో ఈ రోజుకీ మొదటి నెలలోనే మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం అని నేర్పుతున్నారంటే అది ఈ వంశవృక్షం చలవే.

ఎడమచేతి పక్షం

ఫ్రెట్లు నొక్కే చెయ్యే భావాన్ని నిర్ణయిస్తుందనే వాళ్లను ఎడమచేతి పక్షం అందాం. వాళ్ల దగ్గరున్న గట్టి సాక్ష్యం మన రాగాల్లోనే దొరుకుతుంది. గిటారు అయిదో తీగ మూడో ఫ్రెట్‌ను షడ్జమం అనుకోండి. నాలుగో తీగ వదిలి మీటితే రిషభం. అదే తీగ రెండో ఫ్రెట్ గాంధారం. మూడో తీగ వదిలితే పంచమం, దాని రెండో ఫ్రెట్ ధైవతం. రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద పై షడ్జమం. ఇది మోహనం. ఇప్పుడు నాలుగో తీగమీద వేలు ఒక్క ఫ్రెట్ వెనక్కి జరపండి. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, రాగం మాత్రం శివరంజని అయి కూర్చుంటుంది. 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ నడిపిన రాగానికీ, తెలుగు సినిమా కన్నీళ్లకు కట్టుబడిన రాగానికీ మధ్య ఎడం ఒక్క ఫ్రెట్. ఇంతకంటే చక్కని ప్రయోగశాల ఈ పక్షానికి ఎక్కడ దొరుకుతుంది?

మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ హెవ్‌నర్ 1935లో చేసిన ప్రయోగాలూ ఇటే మొగ్గాయి. ఒకే పాటను మేజర్‌లో ఒకసారి, మైనర్‌లో ఒకసారి వినిపిస్తే శ్రోతలు ఎంచుకున్న విశేషణాలు జార్లినో చెప్పిన దారిలోనే పడ్డాయి. డికీ బెట్స్ 1973 నాటి 'జెస్సికా' కూడా ఈ పక్షానికే కలిసొస్తుంది. అది మేజర్ స్కేల్లో, మన మోహనానికి దగ్గరి స్వరాలతో నడిచే బాణీ. 1969లో జార్జ్ హారిసన్ చేసిన 'హియర్ కమ్స్ ద సన్' సంగతీ ఇంతే. అందులో ఆయన ఏడో ఫ్రెట్ మీద కాపో బిగించి తేలికైన డి కార్డు ఆకారాలనే వాయించాడు. తీగ పొట్టిదై, గిటారు మాండొలిన్ గొంతుకు దగ్గరగా వచ్చింది. స్థాయి పెరిగితే చలాకీతనం పెరుగుతుందని హెవ్‌నర్ 1937లోనే చూపించింది.

అయితే ఈ పక్షానికి ఇంటిపోరు తప్పదు. త్యాగరాజు 'ఎదుట నిలిచితే' కీర్తనను శంకరాభరణంలో కట్టాడు. శంకరాభరణం అచ్చంగా మేజర్ స్కేలే. కీర్తనలో ఉన్నది మాత్రం ఎదుట నిలబడని దేవుడిమీద నిష్ఠూరం. అదే శంకరాభరణంలో ముత్తుస్వామి దీక్షితులు బ్యాండు బాణీలు విని నొట్టుస్వరాలు కట్టాడు, వాటిలో చిన్నపిల్లల ఆటంత చలాకీతనం ఉంటుంది. స్కేలు ఒకటే అయినా రెండు మనఃస్థితులు. ఇటు చూస్తే దక్షిణాదిలో గిటారు పట్టిన ప్రతివాడూ ఏదో ఒకనాడు ప్రయత్నించే 'ఇళయ నిలా' ఉంది. 1982 నాటి ఆ ఇళయరాజా పాటలో చంద్రశేఖర్ వాయించిన గిటారు నఠభైరవి ఛాయలో, అంటే మైనర్‌లో సాగుతుంది. దాన్ని విని దిగులుపడ్డవాళ్లు అరుదు.

కుడిచేతి లెక్క

మీటే చెయ్యిది పైచేయి అనే పక్షం ఆలస్యంగా బలపడింది, గట్టిగానే బలపడింది. 2001లో దల్లా బెల్లా, పెరెట్జ్ బృందం పిల్లలకు పాటలు వినిపించింది. అయిదేళ్లవాళ్లు వేగాన్ని బట్టే సంతోషమో విషాదమో చెప్పారు. మేజర్, మైనర్ తేడా ఆరు నుంచి ఎనిమిదేళ్లవాళ్ల తీర్పులోనే కనిపించింది. రెండేళ్ల తర్వాత గాన్యో, పెరెట్జ్ పెద్దవాళ్లమీద పరీక్షిస్తే అక్కడా వేగానిదే బరువు ఎక్కువగా తేలింది. ఉత్తరాది రాగాలు ఎన్నడూ వినని పాశ్చాత్య శ్రోతలకు బాల్క్‌విల్, థామ్సన్ 1999లో ఆ రాగాలు వినిపించారు. వాళ్లు సంతోషాన్ని పోల్చుకోగలిగారు. అలా పోల్చుకున్నచోట్ల వేగం ఎక్కువ, స్వరగతి సరళం.

వేగం ఒక్కటే అనుకుంటే మళ్లీ తప్పటడుగే. నైల్ రోడ్జర్స్ బృందం షిక్ 1979లో తెచ్చిన 'గుడ్ టైమ్స్' పరుగులు పెట్టే పాట కాదు, మొదలయ్యేది మైనర్ కార్డు మీద. అయినా అది వినిపించినచోట కాళ్లు నిలవవు. అక్కడ పని చేసేది తెగ్గొట్టిన మీటు. కుడిచెయ్యి పదహారో వంతు మాత్రల మీద ఆగకుండా ఊగుతుంటుంది, ఎడమచెయ్యి తీగను వదిలి నొక్కి కార్డును తుంచుతుంటుంది. కొన్ని మీటులు మోగుతాయి, కొన్ని ఉత్త గీతలుగా రాలిపోతాయి.

మన క్లాసుల్లో మొదటివారం నేర్పే స్ట్రమ్మింగ్‌లోనే ఈ సూత్రం దాగి ఉంది. కింద, కింద పైన, పైన కింద పైన. అందరికీ వచ్చినదే కాబట్టి ఎవరూ తరచి చూడరు. నాలుగు మాత్రల చట్రంలో మూడో మాత్ర దగ్గర చెయ్యి కిందికి వస్తుంది కానీ తీగను తాకదు. శ్రోత అక్కడ దెబ్బ పడుతుందని ఎదురుచూస్తాడు, పడదు, అరమాత్ర తర్వాత పైమీటులో పడుతుంది. ఆ ఖాళీని అతని ఒళ్లే పూరిస్తుంది, తల ఊగడమో పాదం కదలడమో అక్కడే జరుగుతుంది. విటెక్ బృందం 2014లో డ్రమ్ముల లయమీద చేసిన పరిశీలనలో ఇలాంటి తప్పించిన దెబ్బలు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా కదలాలన్న కోరిక తగ్గింది. మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువ ఆనందం. చెయ్యి తాకకుండా వెళ్లిన చోటే సంతోషం ఉందని వాళ్లు ఆ మాటల్లో అనలేదు గానీ, నాకు మాత్రం ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే నిలకడైన ఫలితం ఇదే అనిపిస్తుంది.

కాంగో గిటార్ల సంప్రదాయం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. ఫ్రాంకో బృందపు పాటల్లో సెబెన్ అనే భాగం వస్తుంది. గాత్రం పక్కకు తప్పుకుంటుంది, రెండు మూడు గిటార్లు చిన్న చిన్న పదాలను ఒకదాని సందులో ఇంకొకటి అల్లుతూ తిప్పుతాయి. కార్డులు రెండో మూడో. ఎడమచేతికి పెద్ద పనేం లేదు. ఆ అల్లికే ఒళ్లును ఊపుతుంది. జమైకా రెగేలో గిటారు చేసేది అంతకంటే తక్కువ, దెబ్బ పక్కన పొట్టి మీటు, అంతే. ఆ పొట్టి మీటును హైదరాబాదు బ్యాండు చౌరస్తా తెలుగు జానపదం పక్కన నిలబెట్టింది. వాళ్ల 'ఊరెళ్లిపోతా మామా' పాట విషయం పట్నంలో ఇమడలేని మనిషి బాధ. గిటారు మాత్రం ఒక్కచోట కూడా ఏడవదు.

జాంగో కథను ఈ పక్షంవాళ్లు ఇష్టంగా చెబుతారు. 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన ఎడమచెయ్యి కాలి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే స్వరాలు నడిపాడు. వెనక తోడు గిటార్లు దంచే స్వింగ్ తాళం మీద ఆ స్వరాలు ఎగిరాయి. బెట్స్ 'జెస్సికా'ను జాంగోకు నమస్కారంగా, ఎడమచేతి రెండు వేళ్లతో వాయించగలిగేలా కట్టుకున్నాడు. బాణీ ముందుకు కదలక ఆగిపోయినప్పుడు పసిబిడ్డ అయిన కూతురు జెస్సికా గదిలోకి వచ్చి ఊగుతుంటే, ఆ ఊపునే పట్టుకుని పూర్తి చేశాడని ఆయనే చెప్పుకున్నాడు. ఎడమచేతి పక్షం తమదని చెప్పుకునే పాట పుట్టుకలో కుడిచేతి వాటా ఇంత ఉంది!

రెండు పక్షాలకూ లొంగని పాలకొల్లు

తెలుగువాళ్లకు ఈ చర్చలో అసలు పరీక్ష ఉప్పలపు శ్రీనివాస్ దగ్గర ఎదురవుతుంది. 1969లో పాలకొల్లులో పుట్టాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు, 1998లో పద్మశ్రీ అందుకున్నాడు, 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రవాడు ఆ పాటను తీగమీదికి దించేవాడు. అంటే వాద్యం మొదటినుంచీ గొంతును వెంబడించింది.

సంప్రదాయ మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం ప్రాణాంతకం. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటితీగలు పెట్టాడు, అయిదో తీగ చేర్చాడు, ఎలక్ట్రిక్ చేశాడు. మీటు అయ్యాక నాదం కాసేపు నిలబడితేనే గమకానికి చోటుంటుంది, అది విద్యుత్తు ఇచ్చింది. అలా ఆయన వాదనలో మూడో పదార్థాన్ని ప్రవేశపెట్టాడు. స్కేలూ లయా ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు స్వరానికీ స్వరానికీ మధ్య జారే దారి. మోహనంలో గాంధారాన్ని నిలకడగా నిలిపితే ఒక వెలుగు, కాస్త ఊపితే ఇంకొకటి. ఫ్రెట్ల లెక్కలో రెండూ ఒకే గడి. పాశ్చాత్య ప్రయోగాల్లో వాడిన పియానో బాణీలకు ఈ సౌకర్యం లేదు, అందుకే ఆ ఫలితాలను కర్ణాటక సంగీతానికి నేరుగా వర్తింపచేయడం తొందరపాటు.

దీనికి దగ్గరగా వచ్చిన పని ఒకటుంది. బౌలింగ్ బృందం 2012లో కర్ణాటక సంగీతాన్నీ తమిళ సంభాషణనూ, పాశ్చాత్య సంగీతాన్నీ ఇంగ్లీషు మాటనూ పోల్చింది. రెండుచోట్లా హుషారు భావాల్లో స్వరాల మధ్య అంగలు పెద్దవి, దిగులు భావాల్లో చిన్నవి. ఉత్సాహంగా మాట్లాడే మనిషి గొంతు ఎగిరిపడినట్టే సంతోషపు బాణీ కూడా ఎగురుతుందని సారాంశం. మోహనంలో, హంసధ్వనిలో స్వరాలు అయిదే కాబట్టి అంగలు సహజంగానే పెద్దవవుతాయి. గొంతును వెంబడించిన శ్రీనివాస్ మీటుకు ఈ ఆధారం బాగా అతుకుతుంది. మరి శివరంజనికీ స్వరాలు అయిదే కదా అంటే, ఆ అధ్యయనం దగ్గర తయారు జవాబు లేదు.

ఆయన శిష్యుల్లో దేవిశ్రీప్రసాద్ ఒకరు. 1999లో 'దేవి'తో మొదలై రెండు దశాబ్దాలకు పైగా తెలుగు సినిమాకు హుషారు పాటలు అందిస్తున్న మనిషి మాండొలిన్ దగ్గర స్వరజ్ఞానం సంపాదించాడన్న సంగతి యాదృచ్ఛికం అనుకోలేం. అది ప్రభావమేనని రుజువు చేయడమూ కష్టమే.

విన్న వయసు

మూడో పక్షం వాయించేవాడిని పక్కన పెట్టి వినేవాడిని నిలదీస్తుంది. 2009లో ఫ్రిట్జ్ బృందం కామెరూన్‌లో పాశ్చాత్య సంగీతం సోకని మాఫా ప్రజలకు పియానో తునకలు వినిపిస్తే సంతోషం, విషాదం, భయం వాళ్లు గుర్తించగలిగారు. భావం సార్వత్రికమని చాలామంది సంబరపడ్డారు. 2022లో పాపువా న్యూ గినీలో స్మిట్ బృందం ఇలాంటి పరీక్షే చేసింది. పాశ్చాత్య సంగీతంతో పరిచయం బాగా తక్కువగా ఉన్నవాళ్లలో మేజర్ అంటే సంతోషం అన్న ముడికి గట్టి ఆధారం దొరకలేదు. పరిచయం పెరిగినచోట ముడి కనిపించింది. రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయనుకోనక్కర్లేదు. మాఫాలు వేగాన్ని కూడా పట్టుకుని తీర్పు చెప్పారు, కాబట్టి లయ చాలావరకు అందరిదీ, స్కేలు చాలావరకు అలవాటుది అనుకుంటే రెండూ ఒక గూట్లో ఇముడుతాయి.

ఈ అలవాటు ఎలా ఏర్పడుతుందో చూడాలంటే సైబరాబాదును మించిన చోటు లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అదే ఏడాది 'ప్రేమంటే ఇదేరా', మరుసటి ఏడాది 'తమ్ముడు' వచ్చాయి. రెండింటికీ సంగీతం రమణ గోగుల, సంగీతంతో పాటు సాంకేతిక వ్యాపార రంగంలోనూ పనిచేసిన మనిషి. సినిమాలో గిటారు అంతకుముందూ ఉంది. హవాయి గిటారు జాలిగా జారేది, ఇళయరాజా గిటారు తీగలు లాలించేవి. గోగుల పాటల్లో అది కుర్రవాడి పొగరుగా ముందుకొచ్చింది. తర్వాత ఆర్పీ పట్నాయక్ 'చిత్రం', మిక్కీ జె మేయర్ 'హ్యాపీ డేస్'. 2007లో ఇంజినీరింగ్ కాలేజీ చివరి బెంచీలో 'హ్యాపీ డేస్' పాటలు విన్నవాడే తర్వాత కేపీహెచ్‌బీ హాస్టల్లో చేరి, ఉద్యోగం తెచ్చుకుని, జీతం రాగానే యమహా ఎఫ్310 గిటారు కొన్నాడు. అతని చెవికి అకూస్టిక్ స్ట్రమ్మింగ్ సంతోషంగా వినిపించడానికి 4, 5, 6 నిష్పత్తి ఎంత కారణమో, ఆ చివరి బెంచీ ఎంత కారణమో విడదీయడం ఎవరి తరం? చాలా ఏళ్ల విరామం తర్వాత 2025 సంక్రాంతి సినిమాలో గోగుల గొంతు మళ్లీ 'గోదారి గట్టు'గా వినిపించినప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లు ఊగిపోయిన తీరు ఈ మూడో పక్షం పెట్టెలో వేయదగినదే.

ఈ పక్షం బలహీనత మాత్రం స్పష్టం. అన్నీ జ్ఞాపకాలే అయితే కాంగో సెబెన్ మొదటిసారి విన్న తెలుగువాడి కాలు ఎందుకు కదలాలి?

తేలనివి

పక్షాలను కలిపి చూస్తే ఒక పొందిక కనిపిస్తుంది. సంతోషంలో చురుకుదనం పాలు కుడిచేతిది, ప్రసన్నత పాలు ఎడమచేతిది, ఆప్యాయత పాలు చెవిది. హుషారు వేరు, ప్రశాంతమైన ఆనందం వేరు. హెవ్‌నర్ నుంచి ఈనాటి దాకా ప్రయోగాలు చాలావరకు ఈ రెంటినీ సంతోషం అనే ఒకే గంపలో వేశాయి. బాల్క్‌విల్, థామ్సన్ శ్రోతలు సంతోషాన్ని పట్టుకుని ప్రశాంతతను పట్టుకోలేకపోవడం ఇక్కడ ఆలోచించదగిన విషయం. నా మొగ్గు కుడిచేతి వైపే. మన శిక్షణ మాత్రం ఇంకా ఎడమచేతి పుస్తకంతోనే నడుస్తోంది, కార్డుల పటాలు గోడనిండా ఉంటాయి, మీటు వదిలేసే చోటు గురించి ఒక్క బొమ్మ ఉండదు.

కొన్ని ముడులు అలాగే ఉన్నాయి. సమశ్రుతి గిటారులో పెద్ద గాంధారం 5:4 నిష్పత్తి కంటే సుమారు 14 సెంట్లు (ఒక ఫ్రెట్ ఎడంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. కర్ణాటక గాయకుడు తంబూరా మీద నిలిపే అంతర గాంధారం దానికంటే దిగువన విశ్రాంతిగా ఉంటుంది. గిటారు మేజర్ కార్డులోని మెరుపు ఈ 14 సెంట్ల అదనపు పదునువల్లనా, లేక ఆ పదును ఉన్నా కూడా చెవి సర్దుకోవడంవల్లనా అన్నదానిమీద వాద్యకారులు రెండుగా చీలి ఉన్నారు. కీబోర్డు శ్రుతితో పెరుగుతున్న పిల్లలకు తంబూరా గాంధారం తక్కువగా వినిపిస్తుందని సంగీతం మాస్టార్లు ఫిర్యాదు చేస్తుంటారు కూడా.

ఇంకొకటి ఈ-మైనర్, సి, జి, డి అనే నాలుగు కార్డుల చక్రం. కాఫీ షాపుల్లో, ఆఫీసు వేడుకల్లో సగం పాటలు దీనిమీదే తిరుగుతాయి. ఈ-మైనర్‌ను ఇల్లు అనుకుంటే అది మైనర్ పాట, జి దగ్గర విశ్రమిస్తే మేజర్ పాట. చాలా పాటలు ఎక్కడా విశ్రమించవు. అలాంటి పాటను సంతోషం ఖాతాలో రాయాలా, దిగులు ఖాతాలో రాయాలా అన్న ప్రశ్నకు జార్లినో పద్దులో గడే లేదు. చౌరస్తా పాట తెచ్చే చిక్కు ఇంకో రకంది. తెలుగు రానివాడు దాన్ని విని నవ్వుతూ ఊగుతాడు. తెలుగు వచ్చి, ఊరు వదిలి వచ్చినవాడు కూడా ఊగుతాడు. ఇద్దరూ ఊగిన తీరును కొలిచి ఒకటే సంతోషమని రాసేస్తే ఆ కొలత దేన్ని కొలిచినట్టు?